లినక్స్‌లో నెట్‌వర్క్ తెగినప్పుడు స్క్రిప్టు నడపడం: ఏ సాధనం ఎవరికి సరిపోతుంది

లినక్స్ యంత్రంలో నెట్‌వర్క్ కనెక్షన్ తెగిన వెంటనే ఒక స్క్రిప్టు దానంతట అదే నడవాలన్న అవసరం చాలామందికి ఏదో ఒక రోజు వస్తుంది. ఒకరికి వేరే సర్వర్‌లోని ఫోల్డరును అన్‌మౌంట్ చేయాలి (తన యంత్రం నుంచి విడదీయాలి), ఒకరికి ట్రాఫిక్‌ను మొబైల్ డాంగిల్ మీదికి మళ్లించాలి, ఇంకొకరికి వీపీఎన్ పోగానే డౌన్‌లోడ్ ఆగిపోవాలి. ఈ పనికి లినక్స్‌లో అరడజనుకు పైగా మార్గాలున్నాయి. పైకి చూస్తే అన్నీ ఒకే పని చేస్తున్నట్టే ఉంటాయి గానీ, ఒక్కొక్కటి ఒక్కొక్క రకం వైఫల్యాన్ని మాత్రమే గమనించగలదు. కేబుల్ ఊడదీస్తే సెకన్లలో స్పందించే సాధనమే, రౌటర్‌కు అవతల లైను పోతే గంటలు గడిచినా కదలదు. స్క్రిప్టు నడవడం లేదని తల పట్టుకునేవారిలో చాలామంది స్క్రిప్టును సరిగ్గానే రాసి ఉంటారు. తమకు కావలసిన వైఫల్యాన్ని చూడలేని సాధనానికి దాన్ని తగిలించి ఉంటారు, అంతే. అందుకే ఈ పోలికను సాధనాల పేర్లతో కాకుండా వైఫల్యాల రకాలతో మొదలుపెడుతున్నాను.

నాలుగు రకాల వైఫల్యాలు

మొదటిది, నెట్‌వర్క్ పరికరమే మాయమవడం. యూఎస్‌బీ డాంగిల్‌ను పీకేసినా, దాని డ్రైవర్ కూలిపోయినా ఆ ఇంటర్‌ఫేస్ పేరే జాబితాలో ఉండదు. రెండవది, పరికరం ఉన్నా లింకు పోవడం: కేబుల్ ఊడడం, అవతలి స్విచ్ ఆగిపోవడం, వైఫై సిగ్నల్ అందకపోవడం. దీన్ని కెర్నెల్ (లినక్స్ కేంద్ర భాగం) స్వయంగా గుర్తిస్తుంది; /సిస్/క్లాస్/నెట్ కింద ఆ ఇంటర్‌ఫేస్ పేరుతో ఉన్న డైరెక్టరీలో క్యారియర్ అనే ఫైలు చదివితే లింకు ఉంటే 1, లేకపోతే 0 కనిపిస్తుంది. మూడవది, లింకు ఉన్నా ఐపీ చిరునామా పోవడం. డీహెచ్‌సీపీ (రౌటర్ వంటి సర్వర్ యంత్రాలకు చిరునామాలను కొంత కాలానికి లీజుకిచ్చే పద్ధతి) ద్వారా వచ్చిన చిరునామాను సాధారణంగా లీజు కాలంలో సగం గడిచాక, అప్పుడు కుదరకపోతే 87.5 శాతం గడిచాక మరోసారి పొడిగించుకోవడానికి యంత్రం ప్రయత్నిస్తుంది. సర్వర్ స్పందించకపోతే లీజు ముగిసి చిరునామా చేజారుతుంది. నాలుగవది, లింకూ చిరునామా రెండూ చక్కగా ఉండి, రౌటర్‌కు అవతల మాత్రం ఏదీ చేరకపోవడం.

మొదటి మూడింటికీ యంత్రం లోపలే ఒక సంఘటన పుడుతుంది కాబట్టి దాన్ని వినే సాధనం ఏదైనా పనికొస్తుంది. నాలుగవ దానికి యంత్రం లోపల ఏ సంఘటనా పుట్టదు. కెర్నెల్‌కు సంబంధించినంతవరకు అంతా సవ్యంగానే ఉంది. బయటికి ఒక ప్యాకెట్ పంపి జవాబు కోసం ఎదురుచూస్తే తప్ప విషయం బయటపడదు. ఇంట్లోనో ఆఫీసులోనో రౌటర్ వెనక ఉన్న యంత్రాలకు ఎక్కువగా ఎదురయ్యేది ఈ నాలుగవ రకమే. అయినా చాలా సలహాలు రెండవ రకానికి మందు రాసిచ్చి ఊరుకుంటాయి.

సాధనం ఎంచుకునే ముందు తెలుసుకోవలసినది ఇంకొకటి ఉంది: మీ యంత్రంలో నెట్‌వర్క్‌ను నిర్వహిస్తున్నది ఎవరు? ఎన్‌ఎంసీఎల్‌ఐ ఆదేశానికి డివైస్ స్టేటస్ అని జోడించి నడిపితే నెట్‌వర్క్‌మేనేజర్ అనే నిర్వాహక ప్రోగ్రాం చేతిలో ఉన్న ఇంటర్‌ఫేస్‌లు తెలుస్తాయి; వాటి ఎదుట అన్‌మేనేజ్డ్ అని ఉంటే అవి వేరొకరి చేతిలో ఉన్నట్టు. నెట్‌వర్క్‌సీటీఎల్ నడిపితే సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ అనే మరో నిర్వాహకుడి సంగతి తెలుస్తుంది. ఎవరు నిర్వహిస్తున్నారో వారి సాధనాన్నే వాడుకోవడం మంచిది. ఒకే ఇంటర్‌ఫేస్ మీద ఇద్దరు నిర్వాహకులు పనిచేస్తే ఒకరు చేసినదాన్ని ఇంకొకరు చెరిపేస్తూ ఉంటారు, లాగ్‌లు చదివినా ఎవరిది తప్పో అర్థం కాదు.

నెట్‌వర్క్‌మేనేజర్ డిస్పాచర్

డెస్క్‌టాపులు, ల్యాప్‌టాపుల్లో దాదాపు అన్నిచోట్లా, ఫెడోరా, రెడ్ హ్యాట్ కుటుంబపు సర్వర్లలోనూ నెట్‌వర్క్‌మేనేజరే ఉంటుంది. రాస్ప్‌బెరీ పై ఓఎస్ కూడా 2023లో వచ్చిన బుక్‌వర్మ్ విడుదలతో అప్పటిదాకా వాడిన డీహెచ్‌సీపీసీడీ ప్రోగ్రాంను వదిలి దీనికే మారింది. కాబట్టి ఎక్కువమంది మొదట చూడవలసినది దీని డిస్పాచర్‌నే, అంటే నెట్‌వర్క్ సంఘటన జరిగినప్పుడు స్క్రిప్టులను పిలిచే భాగాన్నే.

వాడకం తేలిక. /ఎట్సీ/నెట్‌వర్క్‌మేనేజర్/డిస్పాచర్.డి అనే డైరెక్టరీలో స్క్రిప్టు పెట్టాలి. దాని యజమాని రూట్ (అన్ని అధికారాలూ ఉన్న ఖాతా) అయి ఉండాలి, నడిపే అనుమతి ఉండాలి, రూట్‌కు తప్ప మరెవరికీ దానిలో రాసే అనుమతి ఉండకూడదు. ఈ మూడింటిలో ఏది తప్పినా డిస్పాచర్ ఆ స్క్రిప్టును నడపదు. తెర మీద ఏ హెచ్చరికా రాదు, జర్నల్‌సీటీఎల్‌లో నెట్‌వర్క్‌మేనేజర్-డిస్పాచర్ సర్వీసు లాగ్ చూస్తేనే కారణం తెలుస్తుంది. స్క్రిప్టుకు రెండు ఆర్గ్యుమెంట్లు అందుతాయి. మొదటిది ఇంటర్‌ఫేస్ పేరు, రెండవది జరిగిన సంఘటన: అప్, డౌన్, వీపీఎన్-అప్, వీపీఎన్-డౌన్, కనెక్టివిటీ-చేంజ్ వంటివి. ఏ కనెక్షన్ ప్రొఫైల్ తెగిందో కనెక్షన్ ఐడీ, కనెక్షన్ యూయూఐడీ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో ఉంటుంది. అందువల్ల, ఆఫీసు వైఫై పోతే ఒక పని, ఇంటి వైఫై పోతే ఇంకో పని అని నిర్ణయించడానికి వేరే తంటాలు అక్కర్లేదు. ఈ ఒక్క సౌకర్యం కోసమైనా, నెట్‌వర్క్‌మేనేజర్ ఉన్న యంత్రంలో దీన్ని కాదని వేరేదాన్ని పెట్టుకోవడం నాకు సబబుగా తోచదు.

అయితే రెండు విషయాలు ముందే గట్టిగా చెప్పాలి. ప్రీ-డౌన్ అనే సంఘటన ఒకటుంది. కనెక్షన్ మూసేముందు స్క్రిప్టు పూర్తయ్యేదాకా నెట్‌వర్క్‌మేనేజర్ ఆగుతుంది. అది చూసి, నెట్‌వర్క్ పోయేలోపే ఫోల్డరును అన్‌మౌంట్ చేసుకోవచ్చని ఆశపడతాం. కానీ కేబుల్ ఊడినా, వైఫై సిగ్నల్ పోయినా ప్రీ-డౌన్ రానే రాదు. మనం కోరి డిస్‌కనెక్ట్ చేసినప్పుడే అది పనిచేస్తుంది. అనుకోకుండా తెగినప్పుడు వచ్చేది డౌన్ మాత్రమే, అదీ తెగిపోయిన తర్వాత. కాబట్టి డౌన్ స్క్రిప్టులో నెట్‌వర్క్ అవసరమయ్యే ఏ పనీ పెట్టకూడదు. నెట్‌వర్క్ పోయిందని ఈమెయిల్ పంపే స్క్రిప్టు రాసేటప్పుడు ఈ చిన్న విషయం మరుగున పడిపోతుంది. సందేశాన్ని ఒక ఫైలులో దాచి, అప్ సంఘటన వచ్చినప్పుడు పంపడమే దారి.

రెండవది, స్క్రిప్టులు అక్షర క్రమంలో ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి, ఎక్కువసేపు నడిచే స్క్రిప్టును డిస్పాచర్ మధ్యలోనే చంపేస్తుంది. పది నిమిషాల పని ఉంటే దాన్ని విడిగా ఒక సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను నడిపే ప్రోగ్రాం) సర్వీసుగా రాసి, డిస్పాచర్ స్క్రిప్టులో సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్ ఆదేశాన్ని నో-బ్లాక్ ఆప్షన్‌తో పిలిస్తే చాలు. అప్పుడు డిస్పాచర్ స్క్రిప్టు నాలుగు వరుసలకు మించదు: ఇంటర్‌ఫేస్ మనకు కావలసినదేనా, సంఘటన డౌనేనా అని చూడటం, కాకపోతే బయటికి రావడం, అయితే సర్వీసును మొదలుపెట్టడం. లాగ్ కూడా ఆ సర్వీసు పేరుతో విడిగా దొరుకుతుంది.

స్పందన వేగం గురించి కూడా ఒక మాట. కేబుల్ ఊడిన మరుక్షణం డౌన్ రాదు. లింకు ఒక్క క్షణం పోయి తిరిగి వస్తే కనెక్షన్‌ను అనవసరంగా కూల్చకూడదని నెట్‌వర్క్‌మేనేజర్ కొన్ని సెకన్లు ఆగుతుంది. చాలా పనులకు ఈ ఆలస్యం మేలే చేస్తుంది.

ఇక కనెక్టివిటీ-చేంజ్. నాలుగవ రకం వైఫల్యానికి నెట్‌వర్క్‌మేనేజర్ ఇచ్చే జవాబు ఇదే. నిర్ణీత వెబ్ చిరునామాను అప్పుడప్పుడు తడిమి చూసి, ఫలితాన్ని ఫుల్, లిమిటెడ్, పోర్టల్, నన్ అనే స్థితులలో ఒకటిగా కనెక్టివిటీ స్టేట్ అనే వేరియబుల్‌లో అందిస్తుంది. హోటళ్లలోనూ రైల్వే స్టేషన్లలోనూ కనిపించే లాగిన్ పేజీని పోర్టల్ అని విడిగా గుర్తించడం దీనికున్న అందమైన గుణం. కానీ రెండు తనిఖీల మధ్య డిఫాల్ట్ వ్యవధి 300 సెకన్లు, అంటే లైను పోయిన సంగతి తెలియడానికి ఐదు నిమిషాల దాకా పట్టవచ్చు. పైగా తనిఖీ చేయవలసిన చిరునామా కాన్ఫిగరేషన్‌లో ఉండాలి. కొన్ని డిస్ట్రిబ్యూషన్లలో దానికి వేరే ప్యాకేజీ పెట్టుకోవాలి. వ్యవధిని తగ్గించుకోవచ్చు. ల్యాప్‌టాపుకు ఇది బాగా సరిపోతుంది. రెండో లైనుకు మారవలసిన సర్వర్‌ను మాత్రం దీని మీద ఆధారపరచవద్దని నా సలహా. ఎన్నిసార్లు విఫలమైతే తెగినట్టు లెక్కించాలో చెప్పే అవకాశం స్క్రిప్టు రాసేవారి చేతిలో ఉండదు.

సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ ఉన్నచోట

సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీలో స్క్రిప్టులు నడిపే ఏర్పాటు లేదు. ఉబుంటు సర్వర్‌లో నెట్‌ప్లాన్ (నెట్‌వర్క్ సెట్టింగులను ఫైలులో రాసే ఏర్పాటు) వాడేవారు తరచు ఆ ఫైలులో హుక్ (సంఘటన జరగగానే నడిచే స్క్రిప్టు) ఎక్కడ రాయాలని వెతుకుతారు. అక్కడ అలాంటి చోటు లేదు. ఈ లోటును తీర్చేది నెట్‌వర్క్‌డీ-డిస్పాచర్ అనే వేరే ప్రోగ్రాం. /ఎట్సీ/నెట్‌వర్క్‌డీ-డిస్పాచర్ కింద ఒక్కో స్థితికి ఒక్కో డైరెక్టరీ ఉంటుంది: రూటబుల్.డి, డిగ్రేడెడ్.డి, నో-క్యారియర్.డి, ఆఫ్.డి వగైరా. కేబుల్ ఊడితే నో-క్యారియర్.డిలోని స్క్రిప్టులు నడుస్తాయి. లింకు ఉండి, లింక్-లోకల్ చిరునామా (ఆ లింకు దాటి పనికిరానిది) తప్ప మరేదీ మిగలకపోతే డిగ్రేడెడ్ స్థితి వస్తుంది. అంటే రెండవ, మూడవ రకాల వైఫల్యాలను ఇది విడివిడిగా చూపగలదు. ఈ విషయంలో నెట్‌వర్క్‌మేనేజర్ ఇచ్చే ఒకే ఒక్క డౌన్ కంటే ఇది స్పష్టమైనది. నాలుగవ రకాన్ని మాత్రం ఇది బొత్తిగా చూడలేదు.

భద్రత గురించి ఇక్కడ ఆగి చెప్పాలి. 2022 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు నెట్‌వర్క్‌డీ-డిస్పాచర్‌లో నింబస్‌పన్ అని పేరు పెట్టిన లోపాలను బయటపెట్టారు. స్థితి పేరును సరిగా పరిశీలించకుండా దాన్ని డైరెక్టరీ దారిలో కలపడం, స్క్రిప్టును పరిశీలించిన క్షణానికీ నడిపిన క్షణానికీ మధ్య దాన్ని మార్చే వీలుండటం అనే రెండు బలహీనతలను కలిపితే సాధారణ వినియోగదారు రూట్ కావచ్చని తేలింది. వాటిని సరిచేశారు, సిస్టమ్‌ను అప్‌డేట్ చేస్తూ ఉంటే ఇప్పుడు భయం అక్కర్లేదు. అయితే ఆ ఉదంతం ఈ సాధనాలన్నింటికీ వర్తించే ఒక సంగతిని చూపుతుంది: నెట్‌వర్క్ హుక్ అంటే రూట్ అధికారంతో నడిచే ప్రోగ్రాం. దానికి అందే ఇంటర్‌ఫేస్ పేరును, వైఫై పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టకుండా షెల్ ఆదేశంలో వాడకూడదు. వైఫై పేరు ఎవరు ఏదైనా పెట్టుకోవచ్చు కదా.

పాత దారులు, చిన్న దారులు

డెబియన్‌లో /ఎట్సీ/నెట్‌వర్క్/ఇంటర్‌ఫేసెస్ ఫైలుతో పనిచేసే ఇఫ్‌అప్‌డౌన్‌లో డౌన్, పోస్ట్-డౌన్ అనే వరుసలు రాయవచ్చు, ఇఫ్-డౌన్.డి, ఇఫ్-పోస్ట్-డౌన్.డి డైరెక్టరీలలో స్క్రిప్టులు పెట్టవచ్చు. పాత వ్యాసాలు చాలావరకు దీన్నే చెబుతాయి. కానీ ఇవి ఎవరో ఇఫ్‌డౌన్ ఆదేశం ఇచ్చినప్పుడే నడుస్తాయి. కేబుల్ ఊడితే ఇఫ్‌అప్‌డౌన్‌కు అసలు తెలియదు. దానికి తోడు, ఆ డైరెక్టరీలలోని స్క్రిప్టులను నడిపే రన్-పార్ట్స్ ప్రోగ్రాం పేరులో చుక్క ఉన్న ఫైళ్లను వదిలేస్తుంది. అంటే చివర డాట్ ఎస్‌హెచ్ అని పేరు పెట్టిన స్క్రిప్టు ఎంత సరిగ్గా రాసినా అక్కడ నడవదు. సర్వీసులను క్రమంగా ఆపుకోవడానికే తప్ప, తెగడాన్ని పట్టుకోవడానికి దీన్ని ఎంచుకోకండి.

ఇఫ్‌అప్‌డౌన్‌తోనే ఉండాలనుకుంటే దానికి జోడీగా ఇఫ్‌ప్లగ్‌డీ పెట్టుకోవచ్చు. ఇది లింకును మాత్రమే గమనిస్తుంది, మార్పు వస్తే ఇంటర్‌ఫేస్ పేరు, అప్ లేదా డౌన్ అనే రెండు ఆర్గ్యుమెంట్లతో ఒక స్క్రిప్టును పిలుస్తుంది. లింకు పోయాక డిఫాల్ట్‌గా 5 సెకన్లు ఆగి మరీ పిలుస్తుంది. మామూలు ఆదేశాల చిన్న కట్ట అయిన బిజీబాక్స్‌లో కూడా దీని చిన్న రూపం ఉండటం వల్ల చిన్న ఎంబెడెడ్ పరికరాలకు ఇది నేటికీ చక్కని ఎంపిక. డీహెచ్‌సీపీసీడీ నడుస్తున్న యంత్రాలలో దాని ఎగ్జిట్-హుక్ ఫైలే చాలు. రీజన్ అనే వేరియబుల్‌లో నోక్యారియర్, ఎక్స్‌పైర్ వంటి కారణాలు వస్తాయి. వైఫై ఒక్కటే ఉండి, వైఫైకి కలిపే డబ్ల్యూపీఏ సప్లికెంట్‌ను నేరుగా నడుపుకుంటున్నవారు డబ్ల్యూపీఏ-సీఎల్‌ఐని -a ఆప్షన్‌తో ఒక స్క్రిప్టుకు కట్టవచ్చు. అది కనెక్టెడ్, డిస్‌కనెక్టెడ్ అని చెబుతుంది.

ఏ నిర్వాహకుడూ నచ్చనివారు ఐపీ మానిటర్ లింక్ అనే ఆదేశాన్ని నిరంతరం నడుపుతూ, దాని అవుట్‌పుట్‌ను వరుస వరుసగా చదివే చిన్న లూపును సిస్టమ్‌డీ సర్వీసుగా పెట్టుకుంటారు. కెర్నెల్ నుంచి వార్త వెంటనే అందుతుంది, వేరే ప్యాకేజీ అక్కర్లేదు. దీనిలో మెలిక ఏమిటంటే, ఒకే మార్పుకు రెండు మూడు వరుసలు రావచ్చు, వాటి రూపం మనుషులు చదవడానికి ఉద్దేశించినది. కాబట్టి వచ్చిన వరుసలోని పదాలను వెతకకుండా, ఏదో మారిందన్న సూచనగా మాత్రమే దాన్ని తీసుకుని, అసలు స్థితిని క్యారియర్ ఫైలులో చదువుకోవడం మేలు. ఇంటర్‌ఫేస్‌ను అడ్మిన్ ఆదేశంతో డౌన్ చేసి ఉంటే ఆ ఫైలు 0 చూపదు, చదవబోతే ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్ అనే ఎర్రర్ ఇస్తుంది. ఆ సందర్భాన్ని కూడా లింకు లేనట్టుగానే స్క్రిప్టు లెక్కించాలి.

యూడెవ్ (పరికరాల రాకపోకలను గమనించే వ్యవస్థ) నియమాల గురించి ఇక్కడే చెప్పేస్తాను. అవి మొదటి రకానికే, అంటే పరికరం పీకేసినప్పుడు వచ్చే రిమూవ్ సంఘటనకే పనికొస్తాయి. కేబుల్ ఊడినంత మాత్రాన యూడెవ్‌కు కబురు రాదు. అలాగే సిస్టమ్‌డీలోని నెట్‌వర్క్-ఆన్‌లైన్ టార్గెట్ బూట్ సమయంలో వరుస క్రమం కోసం ఏర్పడినది. తర్వాత నెట్‌వర్క్ తెగితే అది వెనక్కి తిరగదు. దాని మీద ఆధారపడ్డ సర్వీసు ఆగిపోతుందని ఆశించడం వృథా.

బయటి దారిని తనిఖీ చేసే స్క్రిప్టు

నాలుగవ రకం వైఫల్యానికి మనమే అప్పుడప్పుడు బయటికి తడిమి చూసుకోవాలి. దీనికి నిర్ణీత వేళల్లో పనులు నడిపే క్రాన్, సిస్టమ్‌డీ టైమర్ అనే రెండు వేదికలున్నాయి. క్రాన్ నిమిషానికి ఒకసారి కంటే తరచుగా నడపలేదు, పాత తనిఖీ ముగియకపోయినా కొత్తదాన్ని మొదలుపెడుతుంది. నెట్‌వర్క్ సరిగా లేనప్పుడే తనిఖీలు ఎక్కువసేపు పడతాయి కాబట్టి, సరిగ్గా ఆ సమయంలోనే స్క్రిప్టులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. ఒకసారికి ఒకే ప్రతి నడిచేలా ఎఫ్‌లాక్ ఆదేశంతో తాళం వేయక తప్పదు. సిస్టమ్‌డీ టైమర్‌కు ఈ చిక్కు లేదు, సర్వీసు ఇంకా నడుస్తుంటే రెండవ ప్రతి మొదలవదు. అయితే టైమర్‌లో అక్యురసీసెక్ అనే విలువ డిఫాల్ట్‌గా ఒక నిమిషం. ముప్పై సెకన్లకు ఒకసారి నడవమని రాసి, దీన్ని మార్చడం మరిచిపోతే ఆ ముప్పై సెకన్లు ఒకటిన్నర నిమిషం దాకా సాగవచ్చు. దాన్ని ఒక సెకనుకు తగ్గించాలి. ఈ రెండింటిలో నా ఓటు టైమర్‌కే.

తనిఖీ ఎలా చేయాలన్నదే అసలు విషయం. ఒక్క పింగ్ (జవాబు కోరుతూ ప్యాకెట్ పంపే ఆదేశం) విఫలమైతే తెగినట్టు అనుకోకూడదు. మూడు ప్యాకెట్లు, ఒక్కోదానికి రెండు సెకన్ల గడువు, కనీసం రెండు వేర్వేరు సంస్థల చిరునామాలు, ఉదాహరణకు 1.1.1.1, 9.9.9.9. రెండూ విఫలమైతేనే ఆ విడత విఫలం. వరుసగా మూడు విడతలు విఫలమైతే తెగినట్టు, వరుసగా ఐదు విడతలు నెగ్గితే తిరిగి వచ్చినట్టు లెక్కించాలి. వెళ్లడానికి, రావడానికి వేర్వేరు అంకెలు పెట్టుకోవడం వల్ల, అరగంటపాటు వస్తూ పోతూ ఉండే లైను మీ స్క్రిప్టును గిరగిరా తిప్పదు. సర్వర్ జంటల కోసం వాడే కీప్‌అలైవ్‌డీలో ఫాల్, రైజ్ అనే విలువలు సరిగ్గా దీనికోసమే ఉన్నాయి; మోనిట్‌లో కూడా ఎన్ని విడతల తర్వాత స్పందించాలో రాయవచ్చు. ఇప్పటికే వీటిలో ఏదైనా వాడుతున్నవారు సొంత లూపు రాసుకోనక్కరలేదు.

పింగ్ ఎగ్జిట్ కోడ్ విషయంలో ఒక సూక్ష్మం ఉంది. ఒక్క జవాబూ రాకపోతే అది 1 ఇస్తుంది. బయటికి రూటే లేక నెట్‌వర్క్ ఈజ్ అన్‌రీచబుల్ అని వస్తే 2 ఇస్తుంది. కోడ్ 1 అయితేనే తెగినట్టు అని రాసిన స్క్రిప్టు, డీఫాల్ట్ రూటు పూర్తిగా పోయిన అత్యంత స్పష్టమైన వైఫల్యాన్ని వదిలేస్తుంది. సున్నా కానిది ఏదైనా వైఫల్యమే అని రాయాలి.

రెండు లైన్లున్నవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ప్రధాన లైను పోయి స్క్రిప్టు రెండవ లైనుకు మార్చింది అనుకుందాం. తర్వాతి పింగ్ రెండవ లైను గుండా వెళ్లి జవాబు తెచ్చుకుంటుంది. అంతా బాగైందనుకుని స్క్రిప్టు మళ్లీ ప్రధాన లైనుకు మారుతుంది, అది ఇంకా చచ్చే ఉంది, మళ్లీ విఫలం, మళ్లీ మార్పు. ఈ చక్రం ఆగదు. దీనికి విరుగుడు పింగ్‌కు పెద్ద ఐ ఆప్షన్‌తో ప్రధాన లైను ఇంటర్‌ఫేస్ పేరు ఇవ్వడం, దాంతోపాటు ఆ ఇంటర్‌ఫేస్ మీది రూటును చెరపకుండా మెట్రిక్ (పెరిగేకొద్దీ రూటు ప్రాధాన్యం తగ్గే అంకె) పెంచి ఉంచడం. రూటు మిగిలి ఉంటేనే ప్రధాన లైను తిరిగి వచ్చిందో లేదో తెలుసుకోగలం.

ఎక్కడ తెగిందో కూడా ఇదే స్క్రిప్టు చెప్పగలదు. ముందు గేట్‌వేకు, అంటే రౌటర్‌కు, పింగ్ చేయాలి; అదే విఫలమైతే తప్పు మన యంత్రానికీ రౌటర్‌కూ మధ్య ఉంది. గేట్‌వే పలికి బయటి ఐపీ పలకకపోతే లైను పోయింది. బయటి ఐపీ కూడా పలికి, పేరుతో అడిగితే మాత్రం విఫలమైతే అది డీఎన్‌ఎస్ (పేరును ఐపీ చిరునామాగా మార్చే సేవ) సమస్య. మొదటి సందర్భంలో ఇంటర్‌ఫేస్‌ను తిరిగి లేపడం పనిచేస్తుంది, రెండవ సందర్భంలో అలా చేస్తే ఒరిగేదేమీ లేదు, మూడవ దాంట్లో ముట్టుకోవలసింది డీఎన్‌ఎస్ సెట్టింగునే. ఈ మూడింటినీ కలిపేసి, ఏది తెగినా నెట్‌వర్క్‌మేనేజర్‌ను రీస్టార్ట్ చేసే స్క్రిప్టులు విస్తృతంగా చలామణీలో ఉన్నాయి. అలాంటి స్క్రిప్టును డౌన్ సంఘటనకు కట్టారంటే రీస్టార్ట్ వల్లనే ఇంకో డౌన్ పుట్టే ప్రమాదమూ ఉంది. దయచేసి వాటిని యథాతథంగా వాడకండి.

వీపీఎన్ సంగతి వేరు

ఓపెన్‌వీపీఎన్‌లో డౌన్ అనే ఆప్షన్‌తో స్క్రిప్టు ఇవ్వవచ్చు, స్క్రిప్ట్-సెక్యూరిటీని 2కు పెంచాలి. కీప్‌అలైవ్ విలువల ప్రకారం అవతలి నుంచి జవాబు ఆగిపోతే అది తనంతట తాను పునఃప్రారంభమవుతుంది. అయితే ఇంటర్‌ఫేస్‌ను మూయకుండా ఉంచే పర్సిస్ట్-టన్ ఆప్షన్ ఉన్నప్పుడు ఆ పునఃప్రారంభంలో డౌన్ స్క్రిప్టు నడవాలంటే అప్-రీస్టార్ట్ ఆప్షన్ కూడా ఉండాలి. వైర్‌గార్డ్‌లో అసలు కనెక్షన్ తెగడమనే స్థితే లేదు. పోస్ట్‌డౌన్ వరుస డబ్ల్యూజీ-క్విక్ డౌన్ అన్నప్పుడే నడుస్తుంది. అవతలి యంత్రం ఆగిపోయినా వైర్‌గార్డ్ ఇంటర్‌ఫేస్ ఎప్పటిలాగే అప్ అనే చూపుతుంది. దానికి లేటెస్ట్-హ్యాండ్‌షేక్స్ సమయాన్ని, అంటే రెండు యంత్రాలూ చివరిసారి కొత్త తాళంచెవి (ఎన్‌క్రిప్షన్ కీ) కుదుర్చుకున్న సమయాన్ని, చూడాలి: ట్రాఫిక్ నడుస్తూ ఉంటే సుమారు రెండు నిమిషాలకు ఒకసారి కొత్త హ్యాండ్‌షేక్ జరుగుతుంది, ఒక హ్యాండ్‌షేక్‌తో వచ్చిన తాళంచెవి 180 సెకన్ల తర్వాత చెల్లదు. పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ పెట్టుకుని, చివరి హ్యాండ్‌షేక్ మూడు నిమిషాలు దాటితే తెగినట్టు భావించడం సమంజసం.

వీపీఎన్ పోగానే సొంత చిరునామా బయటపడకూడదన్నదే మీ ఉద్దేశమైతే, ఈ వ్యాసంలోని ఏ స్క్రిప్టూ మీకు సరిపోదు. తెగిన తర్వాత నడిచే స్క్రిప్టు ఎంత వేగంగా నడిచినా, ఆ లోపు కొన్ని ప్యాకెట్లు బయటికి వెళ్లే ఉంటాయి. వీపీఎన్ ఇంటర్‌ఫేస్ గుండా కాక వేరే దారిలో వెళ్లే ట్రాఫిక్‌ను ముందే అడ్డుకునే ఫైర్‌వాల్ నియమం ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో రాసుకోండి. అది సంఘటన కోసం ఎదురుచూడదు.

స్క్రిప్టులో తప్పనిసరిగా ఉండవలసినవి

ఏ సాధనాన్ని ఎంచుకున్నా స్క్రిప్టు వరుసగా రెండుసార్లు నడిచినా నష్టం లేకుండా ఉండాలి. సంఘటనలు జంటగా రావడం సహజం. ప్రతి నెట్‌వర్క్ ఆదేశానికీ టైమౌట్ పెట్టాలి. ముఖ్యంగా ఎన్‌ఎఫ్‌ఎస్ మౌంట్ (నెట్‌వర్క్ ద్వారా తగిలించిన వేరే సర్వర్ ఫోల్డరు) ఉన్నచోట, సర్వర్ అందుబాటులో లేనప్పుడు డీఎఫ్, ఎల్‌ఎస్ వంటి మామూలు ఆదేశాలు కూడా కదలకుండా నిలిచిపోతాయి; అక్కడ అన్‌మౌంట్ చేసే యూమౌంట్ ఆదేశాన్ని -l ఆప్షన్‌తో, అంటే లేజీ పద్ధతిలో పిలవాలి. డెస్క్‌టాప్ మీద నోటిఫికేషన్ చూపాలనుకుంటే, హుక్ రూట్ పేరుతో నడుస్తుంది కాబట్టి దానికి వినియోగదారు సెషన్ కనబడదు. ఆ వినియోగదారు పేరుతో, అతని డీ-బస్ సెషన్ చిరునామా ఇచ్చి నోటిఫై-సెండ్ నడపాలి. షట్‌డౌన్, సస్పెండ్ సమయాల్లో కూడా డౌన్ వస్తుందని గుర్తుంచుకోండి. మూత మూసిన ప్రతిసారీ ప్రమాద హెచ్చరిక పుట్టించే స్క్రిప్టును కొన్నాళ్లకు ఎవరూ పట్టించుకోరు.

ఎవరికి ఏది

ల్యాప్‌టాపుకైనా, నెట్‌వర్క్‌మేనేజర్ ఉన్న సర్వర్‌కైనా లింకు స్థాయి పనులకు డిస్పాచర్‌నే వాడండి, లైను పోవడాన్ని కూడా పట్టుకోవాలంటే దానికి టైమర్ తనిఖీని జోడించండి. ఉబుంటు సర్వర్‌లో నెట్‌వర్క్‌డీ ఉంటే నెట్‌వర్క్‌డీ-డిస్పాచర్‌తో పాటు అదే టైమర్. చిన్న పరికరానికి ఇఫ్‌ప్లగ్‌డీ. యూఎస్‌బీ మోడెమ్ ఊడిపోతే స్పందించడానికి మాత్రం యూడెవ్. ఒక్కటే పెట్టుకునే ఓపిక ఉందంటే టైమర్ తనిఖీనే పెట్టుకోమంటాను. అది ఆలస్యంగా చెబుతుంది గానీ, నాలుగు రకాల వైఫల్యాలలో దేన్నీ వదలదు. సంఘటనలు వినే సాధనాలలో ఏదీ ఒంటరిగా ఆ పని చేయలేదు.

పరీక్షించేటప్పుడు ఐపీ లింక్ సెట్ డౌన్ అనే ఆదేశంతో సరిపెట్టుకోవద్దు. అది అడ్మిన్ చర్య, కేబుల్ ఊడడం కాదు. రెండింటికీ హుక్‌లు వేరుగా స్పందించవచ్చు. లింకు పరీక్షకు నిజంగానే కేబుల్ తీయండి, వైఫైకి యాక్సెస్ పాయింట్‌ను ఆపండి. లైను పరీక్షకు రౌటర్ వెనక ఉన్న బయటి కేబుల్‌ను తీయండి, లేదా తనిఖీ చేసే చిరునామాలకు వెళ్లే ట్రాఫిక్‌ను ఫైర్‌వాల్‌లో డ్రాప్ చేయండి. దూరంలో ఉన్న సర్వర్ మీద ఇదంతా చేస్తుంటే, ముందుగా సిస్టమ్‌డీ-రన్‌తో పది నిమిషాల తర్వాత పాత సెట్టింగులను తిరిగి తెచ్చే ఆదేశాన్ని పెట్టి, అది టైమర్ల జాబితాలో కనిపిస్తోందని నిర్ధారించుకున్నాకే పరీక్ష మొదలుపెట్టండి.